మా వదిన, రెక్కల పాము, రెండో భాగం

మెహదీపట్నం బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందంటే ఆ రోజు నా నవల సగం అయిపోయినట్టే. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఇల్లు మొయినాబాద్ దగ్గర చిన్న మంగళారంలో. చుట్టూ టమాట చేన్ల మధ్య రోజుకో కొత్త ప్రహరీగోడ లేస్తుండేది, ప్రతి గోడ మీదా ఒక ఇంగ్లిష్ పేరు. ఆఫీసులో తోటివాళ్లు ప్లాట్ల గురించి, విదేశీ ప్రాజెక్టుల గురించి మాట్లాడుకునేవాళ్లు. నాకు మాత్రం ఈ నెల ఏ కొత్త ఫాంటసీ నవల వస్తోందన్నదే ధ్యాస.

పాత పుస్తకాలంటే నాకు గౌరవం. కొత్తగా విడుదలైన పుస్తకమంటే పిచ్చి. పదహారేళ్ల పిల్ల, ఆమెకే తెలియని ఏదో శక్తి, కూలిపోతున్న ఒక రాజ్యం ఉంటే చాలు, వెనక అట్ట చదవకుండానే కొనేసేదాన్ని. అభిప్రాయాలు కూడా అంత గట్టిగానే ఉండేవి. ముందు పేజీలో రాజ్యం పటం లేని నవల అడ్రసు లేని పెళ్లిపత్రిక లాంటిది. 'నీ పుట్టుకే లోకాన్ని కాపాడడానికి' అని హీరోయిన్‌తో చెప్పే ముసలాయన కనబడితే నాకు ఆవులింత వచ్చేది. ఊరికే పెద్దగా నవ్వే దుర్మార్గుణ్ణి ఒక్క పేజీ కూడా భరించలేకపోయేదాన్ని.

ఇవన్నీ వినడానికి నాకు ఒకే ఒక మనిషి దొరికింది. మా వదిన. చేవెళ్ల అవతలి ఊరి పిల్ల, తెలుగు మీడియంలో పది పాసయింది. మా అన్న రాజకీయాల్లో తిరిగేవాడు కాబట్టి ఇంటినిండా ఎప్పుడూ మనుషులే, పొయ్యి మీద ఎప్పుడూ ఛాయే. సాయంత్రం ఆ ఛాయల పని తెమిలాక వదిన వెనక మెట్ల మీద చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చునేది.

"ఆఁ, ఇగ చెప్పు. నీ రాజ్యం ఎంతల్లున్నది?"

ఆ ఏడు వచ్చిన నవల నన్ను బస్సు దిగాల్సిన చోట దిగనీయలేదు. కొండ మీద ఒక బడి. అక్కడ పిల్లలకు డ్రాగన్లను మచ్చిక చేయడం నేర్పుతారు. హీరోయిన్ పేరు మా ఇద్దరికీ నోరు తిరగలేదు, అందుకని నీలికండ్ల పిల్ల అన్నాం. డ్రాగన్ అంటే ఏందని వదిన అడిగితే, రెక్కలుండే పెద్ద పాము, నోట్లెకెల్లి నిప్పు కక్కుతదని చెప్పాను. అప్పటి నుంచి అది రెక్కల పాము. ఆ పిల్లను ఇద్దరు ఇష్టపడతారు. ఒకడు రాకుమారుడు, ఇంకొకడు గుర్రాలశాలలో పనిచేసేవాడు. నేను గుర్రాల పిల్లగాడి వైపు.

"వాడు మంచోడే," అంది వదిన. "కానీ పిల్లనిచ్చేటోళ్లు ఊకె మంచితనమే చూస్తరా?"

"గా పిల్లకు అమ్మానాయినలు లేరు వదినా."

"గందుకే జర ఎక్కువ సోంచాయించాలె."

నవల చివర యుద్ధంలో రెక్కల పాముకు బల్లెం తగిలి, కొండ అంచు నుంచి లోయలోకి పడిపోతుంది. అక్కడితో అయిపోయింది.

"మరి?" అంది వదిన.

"అంతే. రెండో భాగం వచ్చే యేడు వస్తది."

వదిన చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. "యేడు దాక అది గట్ల పడుతనే ఉంటదా?"

మర్నాడు పొద్దున నాకు టిఫిన్ డబ్బా అందిస్తూ, రాసినాయనకు ఫోన్ చేసి అడగరాదా అంది. ఆమె నిజంగానే అడిగింది.

కొన్ని వారాల తర్వాత షేర్ ఆటోలో మొయినాబాద్ పోతున్నాను. ఎదురుగా పుంటికూర మూటతో కూర్చున్న ఒక పెద్దావిడ నా మోకాలి మీద తట్టింది.

"బిడ్డా, గా రెక్కల పాము మల్ల ఎగిరిందా?"

ఆమె పక్కావిడ ఏదో పక్కింటి వార్త చెప్పినట్టు చెప్పింది, "గండిపేట చెర్ల పడ్డదంట గదా. రెక్కలు ఆరాలంటే టైం పట్టదా?"

డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "అక్కా, నీళ్లల్ల పడితే నోట్లె నిప్పు ఆరిపోదా?"

"అన్నా, నువ్వు ముందల చూసి నడుపు," అన్నాను.

ఈ కథ నేను చెప్పింది వదినకు మాత్రమే. ఇంటికి రాగానే ఆమెను నిలదీశాను. ఆమె తడుముకోలేదు.

"మరి యాడ పడాలె? బండల మీద పడితే సచ్చిపోదా? నేనే నీళ్లల్ల పడేసిన. గింత నీ రాసినాయనకు తోచలే."

అప్పటి నుంచి ఆటోలో నన్ను ఎవరూ కథ అడగలేదు. వదిన చెప్పేదే కథ. నేను విన్నంతవరకు అందులో రాకుమారుడు ఒకసారి చేవెళ్ల మార్కెట్‌కు కూడా వచ్చిపోయాడు.

రెండో భాగం విడుదల ఒక శనివారం. అదే రోజు మా అన్న దగ్గరికి భూమి చూడడానికి పట్నం నుంచి మనుషులు వస్తున్నారు. వదిన పొద్దున్నే చీర మార్చుకుని వచ్చి అన్న ముందు నిలబడింది.

"నేను పట్నం పోతున్న. గీమె బుక్కు కొంటదంట, తోడు పోవాలె."

"బుక్కుకు తోడెందుకు?" అన్నాడు అన్న.

"పెద్ద బుక్కంట."

అన్న నా వైపు చూశాడు. నేను సీరియస్‌గా తల ఊపాను. ఆ రోజు ఛాయ అన్నే పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

పుస్తకాల షాపు ముందు పొడుగాటి లైను. సగం మంది చొక్కాల వెనక అట్టముక్కల రెక్కలు కట్టుకున్నారు. వదిన కళ్లు పెద్దవయ్యాయి. ముందు నిలబడ్డ కుర్రాడి మెడలో కంపెనీ కార్డు, వీపు మీద రెక్కలు. వదిన అతని భుజం తట్టింది.

"తమ్మీ, నువ్వు రాకుమారుని దిక్కా, గుర్రాల పిల్లగాని దిక్కా?"

"రాకుమారుడేనక్కా. ఇంకా డౌటా?"

వదిన నన్ను చూసి కనుబొమలెగరేసింది. ఇక వాళ్లిద్దరూ ఒకటైపోయారు. రాకుమారుడి గుణగణాలన్నీ అయ్యాక ఆమె ఊపులో, "అయితే రెక్కల పాము గట్ల పడ్డంక..." అని మొదలుపెట్టింది. కుర్రాడు రెండు చెవులూ మూసుకున్నాడు.

"అక్కా, ఆగండి! నేను ఇంకా అక్కడిదాకా రాలేదు!"

"మొదటిదే కాకుంటే రెండో దాని లైన్ల ఎందుకున్నవ్?"

అతను సిగ్గుపడి నవ్వాడు. లైనంతా నవ్వింది.

తిరుగు బస్సులో సీటు దొరకగానే వదిన ఒళ్లోని సంచి పక్కన పెట్టి, "చదువు," అంది. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పసాగాను. పుస్తకం ఎడారిలో మొదలైంది. ఆ యుద్ధానికి మూడేళ్ల ముందటి మాట. ఉప్పు అమ్ముకునేవాడి కొడుకు, వాడి ఒంటె, వాడి పగ. నీలికండ్ల పిల్ల లేదు, రెక్కల పాము లేదు. బస్సు లంగర్‌హౌజ్ దాటింది. ఇంకా ఎడారే.

"పడ్డదాన్ని గట్లనే ఇడిచిపెట్టి ఇంకోళ్ల ఇంటికి పోయిండా గీయన?" వదిన గొంతు పెరిగింది. ముందు సీటు వాళ్లు తిరిగి చూశారు.

"వదినా, అది రాసే పద్ధతి. గీ పిలగాడు కూడ మంచిగుంటడు చూడు."

"నాకు వద్దు." ఆమె ఇల్లు చేరేదాకా కిటికీలోంచే చూసింది.

నేను ఆదివారమంతా చదివాను. పుస్తకం సగంలో, కథ ఆ యుద్ధం దాటాక, ఉప్పు ఎడారి మీదికి నీడ ఒకటి పాకుతూ వస్తుంది. ఆ కుర్రాడు తలెత్తితే పైన మన రెక్కల పాము! నేను మంచం మీద లేచి నిలబడి అరిచాను. వంటింట్లోకి పరుగెత్తి, ఆ నీడను, ఆ గాలిని, ఒంటె బెదిరిన తీరును చేతులూపుతూ చెప్పాను. వదిన పిండి పిసుకుతూ మొత్తం విన్నది. విన్నాక అనుమానంగా చూసింది.

"నడుమల నువ్వు కలిపి చెప్తున్నవేమో? గా మొదటి బుక్కు ఇటియ్యి. నేనే చూస్త."

అట్లా మొదలైంది. పదో తరగతి తర్వాత ఇంగ్లిష్ ముఖం చూడని మనిషి, ఛాయకూ ఛాయకూ మధ్య ఒక్కో పేరా లాగింది. నేను స్నానం చేస్తుంటే తలుపు బయట నుంచి అరుపు వచ్చేది.

"రిలక్టెంట్ అంటే ఏంది?"

"ఇష్టం లేకుంటనే చేసుడు!"

"మీ అన్న మా తల్లిగారింటికి వచ్చినట్టా?"

"ఆఁ, గంతే!"

చలికాలం వచ్చేసరికి ఆమె వేగం పెరిగింది, నన్ను పిలవడం తగ్గింది. ఒక సాయంత్రం నేను డాబా మీద బట్టలు తీస్తుంటే, పుస్తకంలో వేలు పెట్టుకుని పైకి వచ్చింది.

"గిదేంది?"

చూశాను. గుర్రాలశాల, వాన, నీలికండ్ల పిల్ల, ఆ పిల్లగాడు. మొదటి ముద్దు. ఒకటి కాదు, మూడు పేజీలు. నా చెవులు వేడెక్కాయి.

"వాన పడ్డది, జరసేపు మాట్లాడుకున్నరు అని చెప్పినవ్ నాకు."

"నీకెట్ల చెప్త వదినా? నువ్వు వదినవు!"

"వదిననే గదా, అత్తనా?"

ఆమె పిట్టగోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. "గందుకేనా నువ్వు గుర్రాల పిల్లగాని దిక్కు! నేను పిచ్చిదాన్ని, ఇంత కాలం గా రాకుమారుని పట్టుకొని యేలాడుతున్న!" అంతటితో ఆగలేదు. కింద అన్న మనుషులు ఛాయ తాగుతుంటే, పైన ఆ మూడు పేజీలూ పదం పదం కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది. నేను దుప్పటి తలమీద కప్పుకుని, చదవొద్దని బతిమాలాను. కింద ఎవరో, వదినమ్మ ఇంగ్లిష్ మంచిగ నేర్చుకుంటున్నదని మెచ్చుకున్నారట.

మూడో భాగం వచ్చినప్పుడు వంతులేసుకుని చదివాం. ఆఖరున ఆ పిల్ల ఎవర్నీ కట్టుకోకుండా బడికి పెద్ద అవుతుంది. గుర్రాల పిల్లగాడు ఓడ ఎక్కి వెళ్లిపోతాడు. నేను బస్సులో ఏడ్చి, ముక్కు ఎర్రగా ఇంటికొచ్చాను. వదిన మాత్రం, మంచి పని చేసిందని పిల్లను పొగిడింది. ఆ తర్వాత తనకు చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు ఒకటి బయటపెట్టింది.

"అన్ని బుక్కులల్ల పదహారేండ్ల పిల్లలేనా? ముప్పై దాటినోళ్లకు మంత్రాలు రావా?"

పట్నంలో షాపులన్నీ వెతికాను. ప్రతి కొత్త అట్ట మీదా పదహారేళ్ల పిల్లే జుట్టు విరబోసుకుని కత్తి పట్టుకుని ఉంది. చివరికి ఒక షాపులో అడుగు అరలో నడివయసు మంత్రగత్తె కథ దొరికింది. అప్పుడే వచ్చిన నవల. పటం కూడా ఉంది. వదిన చేతిలో పెట్టాను. వారం తిరగకుండా చదివేసింది.

"ఎట్లున్నది?" అన్నాను ఆత్రంగా.

"మస్తున్నది. గామె యుద్ధం, గామె మంత్రాలు, అన్ని నచ్చినయి." పుస్తకం తిరిగి నా చేతిలో పెట్టింది. "కానీ గామె గట్ల తిరుగుతుంటే ఇంట్ల వంట ఎవలు చేస్తున్నరో, యాడ రాయలే."