వంగపువ్వు రంగు కార్డిగన్

మా మేనత్త చిల్లులు పెట్టేది, మావయ్య చిల్లులు పూడ్చేవాడు. వీధిలో అందరూ ఈ మాట అని నవ్వుకునేవాళ్లు, వాళ్లతో పాటు వీళ్లిద్దరూ నవ్వేవాళ్లు. మావయ్యది మలుపు దగ్గర పంక్చర్ షాపు. దాని వెనక గదిలో, కిటికీ పక్కన పాత కుర్చీలో కూచుని అత్తయ్య ఊలుతో లేసు స్వెటర్లు అల్లేది.

లేసు అల్లిక అంటే ఏముంది, లెక్క ప్రకారం చిల్లులు పెట్టడమే. ఊలుని ఒకసారి సూది మీదుగా వేస్తే అక్కడ చిల్లు పడుతుంది. పక్కనే రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తే లెక్క సరిపోతుంది. కుదురుగా చేస్తూ పోతే ఆకులు తేలతాయి. చెప్పడం తేలికే. నేనొకసారి సరదాపడి కూచుంటే ఎలుకలు కొట్టిన గోనెసంచి తేలింది.

ఊళ్లో సగం మంది ఒంటి మీద అత్తయ్య చేతి పని ఉండేది. తను మాత్రం అంచులు చీకిపోయిన శాలువా కప్పుకుని తిరిగేది. నేను గోల పెట్టగా పెట్టగా ఒక ఏడు, "సరేలేవే, ఈసారి నాకే" అని వంగపువ్వు రంగు ఊలు తెప్పించుకుంది. ముందు గుండీలు పెట్టుకునే కార్డిగన్, ఒళ్లంతా ఆకుల లేసు. వీపు అయింది, ముందు భాగాలు రెండూ అయ్యాయి, ఎడమ స్లీవు అయింది. కుడి స్లీవు మణికట్టు దాటి బెత్తెడు అల్లేసరికి పక్షవాతం వచ్చి పడింది. కుడి కాలు, కుడి చెయ్యి, మాట, అన్నీ ఒక్క పూటలో తీసుకుపోయింది.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక కాలు కొంచెం దారికొచ్చింది. గోడ పట్టుకుని నడిచేది. మాటే రాలేదు. రాలేదో, ఇక వద్దనుకుందో మాకు తెలిసేది కాదు. వ్యాయామం చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే గోడవైపు తిరిగి పడుకునేది. కదలిక లేక కుడి చెయ్యి సన్నబడిపోయింది. ఎవరైనా వస్తున్న అలికిడైతే చాలు, ఎడమ చేత్తో తువ్వాలు లాక్కుని దాని మీద కప్పేసుకునేది. ఊలు సంచీ తీసి అవతల పడెయ్యమని మావయ్యకి సైగ చేసింది. మావయ్య పడెయ్యలేదు, షాపులో టైర్ల వెనక దాచాడు.

నోరు తెరిస్తే మావయ్యని సాధించే మనిషి మా అత్తయ్య. గ్రీజు చేతులతో మంచినీళ్ల గ్లాసు ముట్టుకున్నారని, చెప్పులు అడ్డంగా వదిలారని, పొద్దస్తమానం ఏదో ఒకటి. ఇప్పుడు మావయ్య గ్లాసు నిండా గ్రీజు మరకలు చేసి ఆమె కళ్లెదుట పెట్టేవాడు, చెప్పులు గుమ్మంలో అడ్డంగా వదిలేవాడు. ఆమె చూసి కళ్లు మూసుకునేది. "ఒక్క తిట్టు తిడితే చాలమ్మా, ఇంకేం అడగను" అన్నాడు నాతో, నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తూ. నాకు ఏడుపొచ్చింది. ట్యూబులో గాలి ఎక్కడ పోతోందో కనిపెట్టగలిగిన మనిషికి అత్తయ్య సంగతి ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు.

ఆ వెతుకులాటలోనే పెద్ద పని పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం షాపులో బేరం లేనప్పుడు సంచీలోంచి ఆ బెత్తెడు స్లీవు తీసి చూశాడు. సూది మీంచి జారిన ఒక కుట్టు కిందికి దిగిపోయి పెద్ద చిల్లు పడింది. అత్తయ్య పడిపోయిననాటి చిల్లు అది. బాగుచేసి పెడితే మళ్లీ అల్లబుద్ధవుతుందేమోనని దబ్బనంలో ఊలు ఎక్కించి దాన్ని కుట్టేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పక్కన ఇంకో చిల్లు కనిపించింది. దాని పక్కన ఇంకోటి. ఏది జారిన చిల్లో, ఏది డిజైన్ చిల్లో ఎవరు చెప్పాలి? చేతి అలవాటు ఊరుకోదు కదా. ఆకులన్నిటినీ శుభ్రంగా పూడ్చేసి, గట్టిగా లాగి ముళ్లు వేసి, తీసుకెళ్లి గర్వంగా అత్తయ్య ఒళ్లో పెట్టాడు.

నేనక్కడే ఉన్నాను. అత్తయ్య దాన్ని ఎడమ చేత్తో ఎత్తి కిటికీ వెలుగుకి పట్టుకుంది. ఒక్క చోట నుంచి కూడా వెలుగు రాలేదు. మొహం ఎర్రబడింది. పెదవులు వంకర తిరిగాయి, గొంతు గరగరలాడింది.

"వి... విప్పు!"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నోట 'అండి' లేకుండా మావయ్య విన్న మొదటి మాట అది. దానికే మురిసిపోయి, ఏడుస్తూ నవ్వుతూ కత్తెర పట్టుకుని కూచున్నాడు. ఆ హడావిడిలో తన కుట్లతో పాటు అసలు ఊలుని కూడా కత్తిరించేశాడు. స్లీవు మొత్తం ఊడి ముక్కలు ముక్కలుగా ఒళ్లో పడింది.

ఇక అంతా అయిపోయిందనుకున్నాను. అత్తయ్య మాత్రం ఆ ముక్కల్నీ మావయ్య మొహాన్నీ మార్చి మార్చి చూసి, పక్కనున్న ముక్కాలిపీటని ఎడమ చేత్తో తట్టింది. కూచోమని.

అలా ఆ స్లీవుతోనే, మళ్లీ మొదటి నుంచి, మొదలైంది వాళ్ల ఉమ్మడి అల్లిక. ఎడమ సూది అత్తయ్య ఎడమ చేతిలో, కుడి సూది మావయ్య కుడి చేతిలో. ఆమె కుడి చెయ్యి తువ్వాలుతో సహా ఆయన మణికట్టు మీద. "వెయ్యి" అంటే ఊలు వెయ్యాలి, "కలుపు" అంటే రెండు కుట్లు కలపాలి. మావయ్య ప్రతి కుట్టూ బిగించి లాగేవాడు.

"వదులు" అనేది అత్తయ్య.

"వదులుగా ఉంటే గాలి పోదూ?" అనేవాడు.

ఆమెకి నవ్వొచ్చి సూది జారేది, మళ్లీ వెనక్కి విప్పేవాళ్లు. మాటలు ఒకటికి రెండయ్యాయి. తప్పు వేసినప్పుడల్లా తువ్వాలు కింద వేళ్లు తన మణికట్టుని నొక్కుతున్నాయని మావయ్య ఒకరోజు నా చెవిలో చెప్పాడు. "ఆవిడకి చెప్పకు, ఆపేస్తుంది" అన్నాడు. కావాలనే తప్పులు వేసేవాడని నా అనుమానం.

చలి వెళ్లిపోయేవేళకి స్లీవు పూర్తయింది. వీపు, ముందు భాగాలు, స్లీవులు అన్నీ నేనే కలిపి కుట్టి మంచం మీద పరిచాను. పరిచాక తేడా కనపడింది. ఎడమ స్లీవు వదులుగా, అందంగా ఉంది. కుడిది పొడవులో సరిపోయింది కానీ బాగా సన్నం. మావయ్య బిగింపు అంతా అందులోనే ఉంది. ఆయన మొహం వాడిపోయింది.

"విప్పేద్దాం. మళ్లీ అల్లుదాం" అన్నాడు.

"వేసుకుంటా" అంది అత్తయ్య.

ముందు ఎడమ చెయ్యి తొడుక్కుంది. తర్వాత తువ్వాలు తీసి కుడి చెయ్యి ఇచ్చింది. ఆ చెయ్యి ఎంత సన్నబడిందో నేను అప్పుడే సరిగ్గా చూశాను. మావయ్య వేళ్లు ముందు దూర్చి, మోచెయ్యి మెల్లగా వంచి భుజం దాకా లాగాడు. ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా వేలాడలేదు. ఆ చేతికి అచ్చంగా సరిపోయింది.

అత్తయ్య చాలాసేపు ఆ స్లీవుని నిమురుకుంది.

"కొలత... తీసుకునే... అల్లారా?"

మావయ్య తడుముకోలేదు. "మరి? నీ చెయ్యి నాకు తెలీదా?"

"అబద్ధం" అంది అత్తయ్య, స్పష్టంగా. నవ్వుతూ కుడి చెయ్యి ఆయన మణికట్టు మీద పెట్టి వేళ్లతో నొక్కింది. మావయ్య తలతిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

కింద పడ్డ తువ్వాలు తీసి ఇవ్వబోయాను. అక్కర్లేదంది.