తోడల్లుడు మార్చిన పాస్‌వర్డ్

రాజుపాలెంలో హైమావతి జిరాక్స్ షాపు డాబా మీద, నెట్ కనెక్షన్లిచ్చే యల్లమంద, అక్కడ బిగించిన రేడియో పెట్టె రీసెట్ బటన్‌ను పిన్నుతో నొక్కిపట్టాడు. లైట్లు ఆరి మళ్ళీ వెలిగాయి. సత్తెనపల్లి నుంచి ఇక్కడికి గాలిలో నెట్ తెచ్చే లింకు అది. వ్యాపారంలో భాగస్తుడైన తోడల్లుడు జయకృష్ణ రెండు చివరలా పాస్‌వర్డ్ మార్చి, లింకు ఆపేసి, తన సొంత కనెక్షన్ తీసుకోమని ఖాతాదారుల చుట్టూ తిరుగుతున్నాడు.

"పాస్‌వర్డ్ నీ దగ్గర లేకపోవడమేంది అన్నా?" అంది హైమావతి.

"ఒకింటి అల్లుళ్ళం. అడిగితే అనుమానించినట్టుంటదని అడగలా."

"బాగానే ఉంది మర్యాద. సాయంత్రం దాకా చూస్తా. తర్వాత ఆయన కనెక్షనే తీసుకుంటా, నన్ను అనొద్దు."

జయకృష్ణకు ఈ పని నేర్పింది యల్లమందే. రీసెట్‌తో అతను పెట్టిన పాస్‌వర్డ్ చెరిగిపోయింది. పొద్దున సత్తెనపల్లి చివర రీసెట్ చేసి పెట్టినట్టే ఇక్కడా లింకు పేరు, ఫ్రీక్వెన్సీ, కీ పెట్టి, ఈ చివరకు దాని ఐపీ అడ్రసు ఇచ్చాడు. సిగ్నల్ నిలబడింది. కింద షాపు కంప్యూటర్లో నెట్ వచ్చింది.

లాప్‌టాప్‌ను హైమావతి వైపు తిప్పాడు. "ఈ చివర పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకోమ్మా. నాక్కూడా చెప్పమాక. రిపేరుకొస్తే నువ్వే కొడుదువు."

ఆమె కొట్టేదాకా రోడ్డు వైపు తిరిగి నిలబడి, తర్వాత సామాను సర్దుకున్నాడు.