జొన్నల్లో పగిలిన తునికి పండ్లు

నిన్న బీదర్ బజారులో బండి మీద నారింజ రంగు పెర్సిమన్ పండ్లు చూశాను. ఒకటి తిప్పి చూస్తే తొడిమ దగ్గర అదే నాలుగు రెక్కల టోపీ! అరే, ఇవి మన తునికి పండ్లకు చుట్టాలే!

మా ఊరు కమఠాణ నేస్తాలూ, గుర్తుందా? మన రాష్ట్రం పేరు కర్ణాటకగా మారిన కొత్తలో, ఎండాకాలం అడవి నుంచి తెచ్చిన తునికి కాయల్ని వగరు పోయి మాగాలని మా అవ్వ జొన్నల గుమ్మిలో దాచేది. మనకేమో ఆగేది కాదు. మెత్తబడ్డాయో లేదో అని ఒక్కొక్కరం చెయ్యి దూర్చి నొక్కేవాళ్ళం. ఒకసారి అన్నీ పగిలి, పైనున్న జొన్నలన్నీ ముద్దకట్టాయి.

"ఎవరు నొక్కిండ్రు? చేతులు సూపెట్టుండ్రి!" అంది అవ్వ.

అందరి చేతులకూ జొన్నలు అంటుకునే ఉన్నాయి! దెబ్బలు తప్పవనుకున్నాం. అవ్వేమో నవ్వాపుకోలేక, "జొన్నలు పారేస్తమా? పండ్ల ఇత్తులు ఏరుండ్రి, దంచి బెల్లమేసి గట్క వండుతా" అంది. ఆ తియ్యటి గట్క కోసం కుండ అడుగు గీకి మరీ కొట్లాడుకున్నాం!

నిన్న కొన్న పెర్సిమన్లను బియ్యం డబ్బాలో దాచాను. ఇవాళ పొద్దున మా ఆయన మూత తీసి, "బియ్యమంత జిగటైంది! ఇంట్ల ఇద్దరమే గదా, ఎవరు నొక్కిండ్రు?" అన్నాడు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.