పేగుకు వేసిన పిన్నులు

స్కూల్లో కాయితాలకి స్టేప్లరు కొట్టడం మానేశాను. దారంతో కుట్టుకోండర్రా అని పిల్లలకి చెప్తాను. టీచరుగారికి చాదస్తం పట్టుకుందని వెనకాల నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ. ఆ చప్పుడు వింటే మా తమ్ముడు గుర్తొస్తాడు. ఇక ఆ పూటకి పాఠం చెప్పలేను.

వాడు మార్టూరులో గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవాడు. పొద్దస్తమానం నీళ్ళలో, రాతిపిండిలో. మనిషి చిక్కిపోతుంటే తిండి సరిగ్గా తినట్లేదని అమ్మ గోల. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని మా పిన్ని. చివరికి దొడ్డికెళ్తే రక్తం పడుతోందని సిగ్గుపడుతూ నాకొక్కదానికే చెప్పాడు. నెత్తిన ఒకటి మొట్టి గుంటూరు తీసుకెళ్ళాను. పెద్దపేగు కింది కొసలో గడ్డ ఉంది, మంచిది కాదన్నారు.

ఆపరేషనుకి ముందు సర్జన్ గారు బొమ్మ గీసి చెప్పారు. గడ్డ ఉన్న ముక్క కోసేసి, మిగిలిన రెండు కొసల్నీ స్టేప్లరుతో కలుపుతారట. అమ్మకి నమ్మకం కుదరలేదు.

"కాయితాలకి కొట్టే పిన్నులాండీ? మనిషికా?"

ఆయన విసుక్కోలేదు. "పొడుగ్గా గొట్టంలా ఉంటుందమ్మా. కొసన గుండ్రంగా పిన్నులుంటాయి. ఒక్కసారి నొక్కితే చుట్టూ కుట్టు పడిపోతుంది, మధ్యలో అడ్డం ఉన్న కండ తెగి దారి ఏర్పడుతుంది. అంత లోపల చేత్తో కుట్టడం కష్టం" అన్నారు.

"తుప్పు పట్టవాండీ?" అని మా తమ్ముడే అడిగాడు. పట్టవన్నారాయన. "అయితే ఇంకేం అక్కా, లోపల ఇనప సామాను కూడా ఉందని చెప్పి సంబంధాలు చూడు" అన్నాడు నాతో. వెధవ, ఎప్పుడూ అంతే. నవ్వాపుకోలేక సర్జన్ గారే తల వంచుకున్నారు.

ఆపరేషను అయ్యాక ఆయన స్టీలు ట్రేతో బయటికొచ్చి రెండు చిన్న కండ రింగులు చూపించారు. మధ్యలో చిల్లుతో బుల్లి గారెల్లా ఉన్నాయి. "స్టేప్లరు కత్తిరించిన అంచులివి. రెండూ ఎక్కడా తెగకుండా నిండుగా వచ్చాయి. అంటే అతుకు సరిగ్గా పడినట్టే. పంచరు చూసినట్టు నీళ్ళు పోసి, గాలి కొట్టి కూడా చూశాం. బుడగ రాలేదు" అన్నారు. అమ్మ ఆ రింగులకి రెండు చేతులూ జోడించింది. నేను చెప్పేదాకా నోటికేమీ ఇవ్వొద్దు, మంచినీళ్ళు కూడా, అని చెప్పి వెళ్ళారాయన.

అప్పుడు మావైపు మిరపకాయ కోతలు జోరు మీదున్నాయి. ఒప్పుకున్న చేను మధ్యలో వదిలేస్తే బాగోదని అమ్మ ఊరెళ్ళి శనివారం దాకా కోసింది. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, యేసు శరీరమని తలా ఒక రొట్టె ముక్క పంచే ఆరాధన. పళ్ళెంలోంచి రొట్టె ముక్క తీసుకుంది కానీ నోట్లో వేసుకోలేదట. కొంగున ముడేసుకుని గుంటూరు బస్సెక్కింది. నేను మందులకని కిందికి దిగిన కాసేపట్లో ఆ ముక్క వాడి నోట్లో పెట్టింది.

నేనొచ్చేసరికి వాడు కళ్ళు మూసుకుని చప్పరిస్తున్నాడు.

"ఏం పెట్టావమ్మా! నోటికేమీ ఇవ్వొద్దన్నారు కదా!" అని గదంతా అదిరేలా అరిచాను.

అమ్మ బిత్తరపోయింది. "తిండి పెట్టొద్దన్నారు. ఇది తిండి కాదుగా. బల్ల."

"వదిలెయ్ అక్కా. గోరంత ముక్క" అన్నాడు వాడు.

వెంటనే నర్సుకి చెప్పాను. ఆ కాస్తకీ ఏం కాదులెండి, మళ్ళీ మాత్రం పెట్టకండి అంది. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

తర్వాత జ్వరం మొదలైంది. పొట్ట రాయిలా గట్టిపడింది. అతుకు దగ్గర లీకవుతోందన్నారు. మళ్ళీ తెరిచి, కడిగి, అతుకు దాకా ఏమీ వెళ్ళకుండా పేగు కొసని పొట్ట మీదికి తీసి పెట్టారు. అప్పటికే విషం రక్తంలోకి ఎక్కేసింది. వాడు మాకు దక్కలేదు. ఆ రెండు రింగులూ ఎక్కడా తెగలేదు, నా కళ్ళతో చూశాను కదా అని ఆసుపత్రి వరండాలో ఎవరెవరికో చెప్పుకుంటూ ఏడ్చాను.

పెట్టె మూయకముందే పిన్ని అనేసింది. "మిరపకాయలు కోసిన చేత్తో పెట్టావా అక్కా?"

మా ఊళ్ళో ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. కోతల రోజుల్లో ఎన్నిసార్లు సబ్బు రుద్దినా వేళ్ళకి ఘాటు పోదు. పసిపిల్లల్ని ఎత్తుకోవడానికి కూడా జంకుతారు. పచ్చి పుండు లాంటి ఆ అతుకు మీద తన చేతి కారం పడిందని అమ్మకి ఖాయమైపోయింది. పిన్నిని చెడామడా తిట్టాను. పెద్దదాన్ని పట్టుకుని అంతేసి మాటలా అని నన్నే అన్నారు. అంటే అననీ. ఆ నోటికి తాళం వేసేవాళ్ళు లేకపోయారే అన్న మంట నాకిప్పటికీ చల్లారలేదు.

అప్పట్నుంచి చర్చిలో పళ్ళెం తన దాకా వస్తే, అమ్మ ముక్క ముట్టుకోకుండా పక్కావిడకి అందించేసేది. బాప్తిస్మం తీసుకున్ననాటి నుంచి ఏ బల్లా తప్పని మనిషి! పాస్టరుగారు ఇంటికొచ్చి చెప్పారు. వినలేదు. తమ్ముడు పోయిన దుఃఖం ఒకెత్తు, అమ్మని ఇలా చూడటం ఒకెత్తు. ఆ గోరంత ముక్క మళ్ళీ అమ్మ నోట్లో పడితే చాలు దేవుడా అనుకునేదాన్ని.

సర్జన్ గారి నోటితో చెప్పిస్తే వింటుందేమోనని ఒకరోజు బలవంతంగా గుంటూరు బయల్దేరదీశాను. బ్రాడీపేటలో ఆసుపత్రి ముందు ఆటో దిగుతూనే అమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఆయన మా వాణ్ణి మర్చిపోలేదు. ఎదురుగా కూచుని నెమ్మదిగా చెప్పారు.

"ఆ రొట్టె ముక్క పైనే కరిగిపోతుందమ్మా. మీ చేతి కారం ఆ అతుకుని ఏమీ చెయ్యలేదు. అక్కడ పేగు అంచుకి రక్తం అందక పట్టు వదిలేసింది. అన్నీ సరిగ్గా చేసినా కొందరికి అలా అవుతుంది. మీ తప్పు కాదు."

"సరేనండి" అంది అమ్మ.

బస్సు చిలకలూరిపేట దాటాక నోరు విప్పింది. "నా చెయ్యి కాదన్నారు. పిన్నులూ బాగానే పడ్డాయన్నారు. మరెందుకు పోయాడే వాడు? నా వల్లే అనుకుంటే ఒక కారణమన్నా ఉండేది."

అమ్మ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.

ఆ తర్వాత వచ్చిన బల్ల ఆదివారం, పళ్ళెం అందగానే అమ్మ ముక్క తీసుకుంది. నా ప్రాణం లేచొచ్చింది. కానీ నోట్లో వేసుకోలేదు. కొంగున ముడేసుకుంది. ఆరాధన అయ్యాక సమాధుల దొడ్డి వైపు నడిచింది. ఏమీ అడక్కుండా నేనూ వెనకాలే వెళ్ళాను.

దారిలో బోరింగు దగ్గర ఆగింది. నేను కొడుతుంటే చేతులు కడుక్కుంది. మట్టితో రుద్ది మళ్ళీ కడుక్కుంది. వేళ్ళు ఒక్కొక్కటే నాలుక మీద పెట్టుకుని చూసుకుంది. అప్పటికి కోతలు లేవు, అమ్మ చేనుకెళ్ళి నెలలవుతోంది. అయినా చూసుకుంది.

వాడి సమాధి దగ్గర కూలబడి ముడి విప్పింది. ముక్కని రెండుగా తుంచి ఒకటి తన నోట్లో వేసుకుంది. రెండోది వేళ్ళ మధ్య పట్టుకుని నా వైపు చూసింది.

"ఇప్పుడు పెట్టొచ్చంటావా వాడికి?"

"పెట్టమ్మా" అన్నాను.