కింది గది

నాయిన పోయిన తర్వాతి ఎండాకాలంలో అమ్మను వెంటబెట్టుకుని మైసూరు, ఊటీ, బందీపూర్ అడవి తిరిగి రావాలనుకున్నాను. చూడాలన్న ఆశ ఇద్దరికీ లేదు. ఇంట్లో కూర్చోలేక, అంతే.

మేడ్చల్ బస్టాండు దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడాయన టేబుల్ మీద రంగుల కాగితాలు పరిచి, అడవి దగ్గర ఉండడానికి రెండు చోట్లు చూపించాడు. ఒకటి సఫారీ జీపులు బయల్దేరే గేటు పక్కనే ఉన్న లాడ్జి. రెండోది చాలా దూరంలో, లారీలు తిరిగే రోడ్డు మీద.

"మొదటిదాంట్ల కింద రూమ్ ఉన్నదా?" అని అడిగాను.

"లేదు మేడం, అన్నీ మీది అంతస్తులనే ఖాళీ ఉన్నయ్. కింద రూమ్ రెండోదాంట్లనే. పొద్దుగాల కిటికీల నుంచి జింకలు మస్తు కనవడ్తయ్."

"జింకలు మా శామీర్‌పేట్ల గూడ ఉన్నయ్. కింద రూమ్ లేకుంటే రెండోదే రాయుండ్రి" అని కసిరాను. ఏ ఊరు వెళ్లినా కొన్నేళ్లుగా నేను మొదట అడిగేది కింది గదే. వేరే ఆలోచన రాలేదు.

ఆయన పెన్ను తీశాడు. అమ్మ, ఫ్యాను గాలికి లేస్తున్న కాగితం మీద చెయ్యి పెట్టింది. నా వైపు చూడలేదు.

"మెట్లెక్క శాతగానిది మీ నాయినకు గదనే బిడ్డా. ఇగ మీదిదే తీస్కో."

మీది గదే తీసుకున్నాం. పొద్దున్నే జింకలు వచ్చాయి. చూశాం.