తట్టి చూడని గాజు

ప్రొద్దుటూరులో బంగారం పని తెలిసినవాడు నగను కంటితో చూసి ఊరుకోడు. మెహతాబ్ తండ్రి వలి బాషా బోలు గాజుల్లో లక్క నింపే పనివాడు. గాజును గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "పైన నునుపు జూసి మోసపోవద్దు బిడ్డా, లోపలేముందో శబ్దమే చెప్తాది" అనేవాడు.

అలాంటి మనిషికి గుండెల్లో నొప్పి వస్తే కూతురే తట్టి చూడలేదు. ఆమె ఊళ్లోని ఒక ఆసుపత్రిలో, గుండె నాళాలు పరీక్షించే గదిలో టెక్నీషియన్. యాంజియోగ్రామ్‌లో నాళం ముప్పై శాతమే పూడింది. లోపలికి సన్నని తీగ పంపి, శబ్దంతో నాళం గోడను చూపించే అల్ట్రాసౌండ్ యంత్రం పక్కనే ఉంది. ఇంత చిన్న పూడికకు ఎందుకులే అనుకున్నారు డాక్టర్లు. ఆమె కూడా అడగలేదు. నాలుగో రోజు వలి బాషా కుంపటి ముందే ఒరిగిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుందని బంధువులు దెప్పారు. పట్టుకుంది నిజమే, మళ్లీ వదల్లేదు. మూడేళ్లుగా అలాంటి ప్రతి కేసులో ఆ తీగ వేయమని అడుగుతూనే ఉంది, చూసింది నోటుపుస్తకంలో రాస్తూనే ఉంది.

మొన్న శ్రావణంలో జమ్మలమడుగు బట్టల వ్యాపారి గోవిందరాజులు వచ్చాడు. మళ్లీ ముప్పై శాతమే.

"మాత్రలు రాసి పంపిద్దాం" అన్నాడు డాక్టర్ జయప్రకాష్.

"చెమటలు పట్టి నొప్పొచ్చింది సార్. ఒక్కసారి లోపల చూడల్ల" అంది మెహతాబ్.

బల్ల మీద నుంచే గోవిందరాజులు లేవబోయాడు. "ఏంలేదంటాంటే నీదేందమ్మా? శనివారం వేంపల్లె నుంచి గండికి నడిచిపోవల్ల, మొక్కుండాది."

"ఆంజనేయసామి యాడికీ పోడు మామా. ఈడ కదలకుండా పడుకో."

"పోయిన రెండుసార్లూ ఏమీ దొరకలేదు" అని డాక్టర్ విసుక్కున్నాడు.

"ఈసారీ దొరక్కపోతే తిట్టండి సార్" అందామె, తీగ అందిస్తూ.

తెర మీద నాళం గోడ ఉంగరంలా కనబడింది. కొవ్వు మీది పొర ఒక పక్క చిట్లి, దాని వెనక గుంత పడింది. అంచున గడ్డకట్టిన నెత్తురు వేలాడుతోంది. డాక్టర్ స్టెంట్ అడిగాడు.

సాయంత్రం ఆయనే నోటుపుస్తకం అడిగాడు, అన్ని కేసులూ కలిపి అధ్యయనంగా రాద్దామని. గోవిందరాజులుది నలభై ఒకటో వరస. మొదటి పేజీ తిప్పి ఆగిపోయాడు. 'వలి బాషా, అరవై ఒకటి. చూడలేదు.'

"ఇది అధ్యయనంలోకి రాదు కదమ్మా."

"రాదు సార్. పుస్తకంలో మాత్రం మొదట అదే ఉండల్ల."