రైట్ చెప్పినవాడు

ఇంగ్లీషులో ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయో నాకు తెలీదు. నేను చదివింది ఎస్సెల్సీ. కానీ విశాఖపట్నంలో 'రైట్' అన్న మాటని రోజుకి కొన్ని వందలసార్లు అరిచి పొట్టపోసుకున్నవాణ్ణి, బస్సు కండక్టర్ని. అందుకే ఆ మాట గురించి చెప్పడానికి నేను పనికొస్తాననుకుంటాను.

మా బస్సులో రైట్ అంటే పోనిమ్మని. బస్సు ఎడమకి తిరగాలన్నా రైటే. పాసింజరు మరీ వాదిస్తే "దిగు, రైట్" అనేవాళ్ళం. పోర్టులో లారీ నిండితే కూలీలు వెనక రేకు మీద చరిచి రైట్ అనేవారు. టీ కొట్టు దగ్గర కబుర్లు ముగించి లేచినవాడు రైటో అనేవాడు. మా అమ్మాయి లెక్కల పుస్తకంలో టీచరమ్మ ఎర్రసిరాతో కొట్టేది కూడా రైటే. మా ఆవిడైతే, చుట్టాలు మూడోరోజుకీ కదలకపోతే, వంటింట్లోంచి నాకు మాత్రమే వినపడేలా "ఇక రైట్ చెప్పండి" అనేది. అందరికీ ఇన్నిరకాలుగా పనికొచ్చిన మాట నాకు మాత్రం గొంతులో చేపముల్లులా దిగబడింది. ఇన్నేళ్ళయినా పైకి రాదు, లోపలికి పోదు.

డెబ్భైల్లో గోదావరి జిల్లా నుంచి వచ్చి టెంపరరీ కండక్టరుగా చేరాను. హార్బరు దగ్గర్నుంచి ఆనందపురం మీదుగా వెళ్ళే బస్సు. డ్రైవరు ఈ ఊరివాడే, నాకంటే పదేళ్ళు పెద్ద. మొదటిరోజే నన్ను "బావా" అన్నాడు. నాకు అక్కచెల్లెళ్ళే లేరు, ఈయనకి బావని ఎలా అయ్యానా అనుకున్నాను. వారం తిరక్కుండా నేనూ బావా అనడం మొదలుపెట్టాను.

మా బస్సులో గంట తాడు ఎప్పుడో తెగిపోయింది. నా నోరే గంట. జనం కిక్కిరిసి ఉంటే డ్రైవరుకి వెనక ఏమీ కనబడదు. నేను రైట్ అంటే కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. తొందరున్న పాసింజర్లు, సరదాకి పిల్లలు కూడా రైట్ అని అరిచేవారు. ఆయన కదిలేవాడు కాదు. "మా బావ గొంతు నాకు తెల్దేటి?" అనేవాడు. వినడానికి నాకెంత గర్వంగా ఉండేదో!

రోజూ పొద్దున్నే జాలరిపేట నుంచి ఒక పెద్దావిడ చేపల గంపతో ఎక్కేది. నీచువాసనని జనం గొడవపెడతారని గంపని బస్సు పైకి ఎక్కించేవాళ్ళం. ఆనందపురంలో ఆవిడే చీర బిగించి, వెనక నిచ్చెన ఎక్కి దించుకునేది. ఆవిడ కాళ్ళు నేలమీద ఆనడం చూసి నేను రైట్ చెప్పేవాణ్ణి. ఎంత ఆలస్యమైనా చూసేవాణ్ణి.

ఆరోజు చూడలేదు. బస్సులో ఒకాయన చుట్ట వెలిగించాడు. ఆర్పమన్నాను, ఆర్పనన్నాడు. మాటామాటా పెరిగింది. నా కోపం ఎప్పుడూ నాకంటే ముందు నడుస్తుంది. ఆయన మొహంలోకి చూస్తూనే, నా మాటే చెల్లాలన్న పంతంతో, గట్టిగా "రైట్!" అన్నాను. బస్సు కదిలింది. వెనక నుంచి కేక వినబడింది. హోల్డాన్ అని నేను అరిచేలోపే ఆవిడ రోడ్డు మీద పడి ఉంది. తుంటి విరిగింది. చుట్టూ చేపలు. అంత నొప్పిలోనూ ఆవిడ "సేపలు తియ్యండర్రా, బళ్ళెక్కేత్తాయి" అంటోంది.

నాలుగోరోజు డిపోలో ఎంక్వయిరీ. ఆఫీసరు ముందు మేమిద్దరం పక్కపక్కన నిలబడ్డాం. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఇంట్లో మా ఆవిడ నెలలు నిండి ఉంది.

"నువ్వు రైట్ చెప్పావా?" అన్నాడు ఆఫీసరు.

"లేదు సార్. ఎవరో పాసింజరు అరిచి ఉంటాడు" అన్నాను.

ఆఫీసరు డ్రైవరు వైపు తిరిగాడు. "గొంతు ఎవరిది?"

ఆయన నావైపు ఒక్కసారి చూశాడు. "రైట్ అని ఇనబడింది సార్, బండి తీసీసినాను. గొంతు ఆనవాలు కట్టనేదు" అన్నాడు.

ఆయన్ని రూట్ల మీంచి తీసేశారు. డిపో ఆవరణలో బస్సులు కడిగించి వరసల్లో పెట్టే పని ఇచ్చారు. నేను పర్మినెంటయ్యాను. ఒక ఆదివారం ఆ పెద్దావిణ్ణి చూద్దామని జాలరిపేట సందు మొదటిదాకా వెళ్ళి, తిరిగొచ్చేశాను. అంతకంటే పిరికిపని నేను చేసింది ఇంకొకటుంది, అది పైనే చెప్పాను. అప్పట్నుంచి నోటితో రైట్ అనడం మానేశాను. అరచేత్తో రేకు మీద రెండు దెబ్బలు వేసేవాణ్ణి. మా అమ్మాయి పుస్తకం తెచ్చి "నాన్నా, అన్నీ రైట్లే" అంటే ఆ పేజీ సరిగ్గా చూడలేకపోయేవాణ్ణి.

ఎనభైల్లో, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న వైపు నన్ను వేశారు. ఒక మధ్యాహ్నం మా బస్సుని డిపో గోడవారకి వెనక్కి పెట్టాల్సి వచ్చింది. డిపోలో అప్పటికి ఖాళీగా ఉన్నది ఆయనొక్కడే. వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. జుట్టు తెల్లబడింది. నేను వెనక్కి వెళ్ళి గోడవైపు వీపు పెట్టి నిలబడి, రేకు మీద రెండుసార్లు చరిచాను.

బస్సు కదల్లేదు. మళ్ళీ చరిచాను. ఇంజను ఆడుతూనే ఉంది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నోటితో సెప్పు బావా."

మళ్ళీ రేకు మీదకి చెయ్యెత్తాను.

"నువ్వు సెప్పకుండా నాను ఏనాడైనా బండి కదిపినానేటి?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏ కాళ్ళో పట్టుకుని ఏడ్చి తేలికపడేవాణ్ణి. తల లోపలికి తీసుకుని అలాగే కూర్చున్నాడు. ఎంతసేపైనా కూర్చునేలా ఉన్నాడు.

"రైట్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

బస్సు వెనక్కి రావడం మొదలుపెట్టింది. పక్క అద్దంలో ఆయన మొహం కనబడుతోంది. కళ్ళు మాత్రం అద్దంలోకి తిప్పలేదు, ఎదురుగానే చూస్తున్నాడు. నా వెనక గోడ, ముందు బస్సు. నా మాట ఒక్కటే పట్టుకుని వస్తున్నాడు. నేను హోల్డాన్ అనేదాకా వస్తూనే ఉన్నాడు.